ఆటలో ఎవరూ చనిపోరాదు

హాస్టలు,
పై అంతస్తు, కిటికీ పక్క మంచం

పెద్దమ్మకు,

చిట్టెలుక నమస్కారాలు. ఫోన్ చేస్తే "సంగతేంటో చెప్పి పెట్టేయ్" అంటావు. ఉత్తరం వస్తే మాత్రం కళ్ళజోడు తుడుచుకుని రెండుసార్లు చదువుతావని అమ్మ చెప్పింది. నోటిమాట గాలికి పోతుంది, కాగితం మీది మాట కోర్టు దాకా పోతుందని నువ్వే అంటావు కదా. అందుకే కాగితం పట్టుకున్నాను.

పెదనాన్నకు చేతులు సహకరించడం మానేశాక, కదిలే ఆ ఒక్క వేలితో ఆడుకోవడానికి నేనొక పడవ ఆట చేసి ఇచ్చాను కదా. ఆయన పోయాక ఆ ఆటను విప్పేశాను. బాధతో కాదులే. గడియారం బాగుచేసేవాడు విప్పినట్టు విప్పి, ఒక్క వేలితో ఆడే ఆట ఎవరు చేయాలన్నా పనికొచ్చే భాగాలన్నీ వేరుచేసి ఒకచోట పేర్చాను. వేలు వణికినా ఒక్కసారే నొక్కినట్టు లెక్కపెట్టే భాగం ఒకటి, ఆడేవాళ్ళు అలసిపోతే ఆట తనంతట తాను నెమ్మదించే భాగం ఒకటి, ఇలా. దీన్ని మా వాళ్ళు లైబ్రరీ అంటారు. పుస్తకాల్లేని లైబ్రరీ ఏమిటని నవ్వకు. పనిముట్ల పెట్టె అనుకో. పడవ మునిగినప్పుడు తెర మీద కనపడే మాటలు నువ్వు రాసినవే ఉంచాను. "పడ్డాం, లేద్దాం." "తొందరేం లేదు." "ఇంకోసారి చూద్దాం." అన్నీ ఉన్నాయి.

ఈ పెట్టెను నెట్‌లో అందరికీ కనపడేలా పెట్టాను. తీసుకునేవాళ్ళు తీసుకుంటారులే అనుకున్నాను. మొన్న ఎవరో రాశారు: దీని లైసెన్సు ఏమిటి అని. నాకేం అర్థం కాక మా ల్యాబులో సీనియర్‌ని అడిగాను. అందరూ ఆయన్ని గడ్డం అంటారు. ఆయన గడ్డం నిమురుకుంటూ చాలాసేపు నవ్వాడు. తలుపు తెరిచి పెడితే లోపలికి తొంగి చూడొచ్చు, అంతమాత్రాన కుర్చీ ఎత్తుకెళ్ళొచ్చని కాదన్నాడు. ఏ కాగితమూ లేకపోతే హక్కులన్నీ రాసినవాళ్ళవేనట. అంటే ఇన్నాళ్ళూ నేను దానం చేస్తున్నాననుకుని ప్రదర్శన పెట్టాను.

తయారుగా ఉన్న లైసెన్సులు చాలా ఉన్నాయి. రెండు పూర్తిగా చదివాను. ఒకటి పొట్టిది. ఏమైనా చేసుకో, ఈ కాగితం మాత్రం దీనితోపాటే ఉంచు, ఏదైనా చెడితే నన్ను అడగకు అంటుంది. రెండోది పొడుగుది. తీసుకో, కానీ నువ్వు చేసింది బయట ఎవరికైనా ఇస్తే దాన్నీ నాలాగే తెరిచి ఇవ్వాలి అంటుంది. గడ్డానికి పొడుగుదే ఇష్టం. నాకు రెండూ నచ్చలేదు పెద్దమ్మా. ఎండిన రొట్టెముక్కల్లా ఉన్నాయి. ఇన్ని వేలమంది వాడే కాగితంలో ఒక్క అందమైన మాట లేదు.

మనమే రాద్దాం. నువ్వు దస్తావేజులు రాస్తావు. నాకేమో ఈ మధ్య మాటల పిచ్చి పట్టుకుంది, నిఘంటువు దిండు పక్కనే ఉంటోంది. నేను అనుకున్న షరతులు ఇవి: ఈ పెట్టెను మంచి ఆటలకే వాడాలి, ప్రేమతో వాడాలి, బాగుచేస్తే మాకు ఒక ముక్క రాయాలి. సరిచేసి పంపు.

నీ చిట్టెలుక

---

రిజిస్ట్రారు ఆఫీసు ఎదుటి గది

చిట్టెలుకకు,

ఆశీస్సులు. నీ ఉత్తరం వచ్చేసరికి ఎదురుగా ఇద్దరు అన్నదమ్ములు కూర్చుని గోడ ఎవరిదని అరుచుకుంటున్నారు. వాళ్ళను మెట్ల మీద కూర్చోబెట్టి నీది చదివాను. చదవడం అయ్యేసరికి వాళ్ళు రాజీపడి వెళ్ళిపోయారు. అంటే నీవల్ల నాకొక దస్తావేజు పోయింది.

మనమే రాద్దామన్నావు చూడు, ఆ మాట నాకు నచ్చింది. ఎవరో పరాయివాళ్ళు, ఎక్కడో కూర్చుని, నీ పెట్టెలో ఏముందో తెలియకుండా రాసిన కాగితం నీకెలా సరిపోతుంది? నా ఇన్నేళ్ళ పనిలో ఒక ఇంటి దస్తావేజు ఇంకో ఇంటికి పనికిరావడం చూడలేదు. ఏ స్థలం హద్దులు ఆ స్థలానివే.

ఇక నీ షరతులు. "ప్రేమతో వాడాలి" కొట్టేశాను. ప్రేమ ఉందో లేదో ఏ అధికారి వచ్చి తనిఖీ చేస్తాడు? "మంచి ఆటలకే" అన్నావు. ఎవరి మంచి? కాకిపిల్ల కాకికి ముద్దే. దస్తావేజులో రాసే మాట చేత్తో పట్టుకుని చూపించగలిగేలా ఉండాలి. తూర్పున వేపచెట్టు అని రాస్తాం గానీ తూర్పున చల్లదనం అని రాయం.

అందుకని "మంచి" తీసేసి దాని బదులు ఇది పెట్టు: ఈ సామగ్రితో చేసిన ఆటలో ఎవరూ చనిపోరాదు. దీన్ని ఎవరైనా చూసి తేల్చుకోవచ్చు. చనిపోయారా లేదా, అంతే. వాదనకు సందు లేదు.

మొత్తం నాలుగు షరతులతో చిత్తు రాసి దీనితో పంపుతున్నాను, ఇది నాలుగోది. ఈ షరతు మాత్రం తీయకు. మిగతావి నీ ఇష్టం.

పెద్దమ్మ

---

హాస్టలు

పెద్దమ్మకు,

పెట్టేశాను. మన లైసెన్సు లోకం మీదికి వెళ్ళింది.

"ఇందుమూలముగా" అని మొదలుపెట్టావు చూడు, ఆ ఒక్క మాటకే నా ఒళ్ళు పులకరించింది. గదిలో నడుస్తూ పైకి చదివాను. నా గదిలో అమ్మాయి ఎవరికైనా శిక్ష పడిందా అని అడిగింది. నువ్వు రాసినదాన్ని అలాగే ఉంచి, కింద ఇంగ్లీషులో కూడా రాశాను, అందరికీ అర్థం కావాలి కదా. నాలుగో షరతు ఎంత సూటిగా ఉందో! ఆటలో ఎవరూ చనిపోరాదు. ఒక్క విశేషణం కూడా లేకుండా ఇంత బరువు ఎలా వచ్చిందో ఆలోచిస్తూ తరగతిలో ఒక పాఠం మొత్తం పోగొట్టుకున్నాను.

గడ్డానికి చూపించాను. చాలా బావుంది, గోడకు తగిలించుకోవడానికి బావుంది అన్నాడు. సొంతంగా లైసెన్సు రాసుకోవడం అంటే సొంతంగా పన్ను పీక్కోవడం లాంటిదట. నాకు తెలుసు, ఆయనకు కుళ్ళు. ఆయన పేరు కూడా అందులో ఉంది మరి, వేలు వణుకుడు భాగంలో ఒక తప్పు దిద్దాడు. నా కవిత్వం కింద తన పేరు చూసుకుని సిగ్గుపడ్డాడేమో.

ముక్కూమొహం తెలియనివాళ్ళు ఎంతోమంది మెచ్చుకున్నారు. ఒకాయన అయితే ఇంత మనసున్న లైసెన్సు చూడలేదని రాశాడు.

నీ చిట్టెలుక

---

రిజిస్ట్రారు ఆఫీసు ఎదుటి గది

చిట్టెలుకకు,

నువ్వు పంపిన ప్రతిని గోడకు అంటించాను. గడ్డం చెప్పాడని కాదు, నాకే అనిపించింది. వచ్చినవాళ్ళు తమ వంతు వచ్చేదాకా అదే చదువుతున్నారు. ఒక ముసలాయన మొత్తం చదివి, ఆ పెట్టె అమ్మకానికుందా అని అడిగాడు.

మెచ్చుకున్నవాళ్ళ సంగతి రాశావు. వాడుకుంటున్నవాళ్ళ సంగతి రాయలేదు. ఎంతమంది?

పెద్దమ్మ

---

హాస్టలు

పెద్దమ్మకు,

జవాబు ఆలస్యమైంది. పరీక్షలు. నిజానికి పరీక్షలు అయిపోయి చాలా రోజులైంది, ఏం రాయాలో తెలియక రాయలేదు.

వాడుకుంటామని అడిగినవాళ్ళు ఒక్కరే ఉన్నారు. ఒక ఆసుపత్రిలో, చేతులు పడిపోయినవాళ్ళను చూసుకునే వార్డులో నర్సు. డ్యూటీ లేనప్పుడు కూర్చుని ప్రోగ్రాములు రాయడం నేర్చుకుందట. మన పెట్టెతో ఒక ఆట తయారుచేసింది. తన వార్డులోనూ, అలాంటి ఇంకొన్ని వార్డుల్లోనూ మంచాలకు బిగించి ఉండే తెరల మీద ఆడించాలని ఆవిడ ఆశ. వచ్చే నెలలో ఆ తెరలన్నిటినీ కొత్తగా సర్దుతారు, అప్పుడు ఎక్కిస్తే ఎక్కినట్టు. తప్పితే మళ్ళీ ఎప్పుడో తెలియదు.

ఆసుపత్రి లాయరు మన లైసెన్సు చూసి వద్దన్నాడట. చెడ్డదని కాదు. ఇలాంటిది ఎప్పుడూ చూడలేదు, ఇందులో ప్రతి మాటకూ అర్థం నేనే వెతకాలి, రేపు ఏదైనా గొడవొస్తే జవాబు నేనే చెప్పాలి, తెలిసిన లైసెన్సు ఏదైనా ఉంటే తీసుకురమ్మన్నాడట. పొట్టిదాని పేరు చెబితే చదవకుండానే సరే అంటాడట.

గడ్డాన్ని మళ్ళీ అడిగాను. ఈసారి నవ్వలేదు. తను పొడుగుదాని వైపే అయినా ఇక్కడ అది కుదరదన్నాడు. ఆ మంచాల తెరలు నడిపే ప్రోగ్రాము వేరే కంపెనీది, దాంతో కలిపి ఇచ్చేటప్పుడు మొత్తం తెరిచి చూపించడం ఆ నర్సు చేతిలో లేదు. కాబట్టి పొట్టిది.

మార్చాలంటే రాసినవాళ్ళందరూ ఒప్పుకోవాలి. నేను, గడ్డం, నువ్వు. తెర మీది వాక్యాలు నీవి కదా. గడ్డం గొణుక్కుంటూ సరేనన్నాడు. నువ్వేమంటావు?

మిగతా సంగతులు బానే ఉన్నాయి.

నీ చిట్టెలుక

---

రిజిస్ట్రారు ఆఫీసు ఎదుటి గది

చిట్టెలుకకు,

కోపం వచ్చింది. రాసి, చించి, మళ్ళీ రాస్తున్నాను.

చదవకుండానే సరే అనే లాయరు ఒక లాయరా? నా దగ్గరికి వచ్చేవాళ్ళలో సగం మంది అలా చదవకుండా సరే అన్నవాళ్ళే, ఇల్లు పోయాక వస్తారు. మనం కూర్చుని మాట మాట తూచి రాసుకున్న కాగితం పనికిరాదు, ఎవడిదో అరిగిపోయిన కాగితం పనికొస్తుంది. బావుంది.

అయినా ఆ లాయరుకు భయం ఎక్కడ? నాలుగు షరతులు. చదువు రానివాడికైనా అర్థమవుతాయి. ఆ నర్సమ్మ ఆటలో ఎవరైనా చస్తున్నారా? లేదు కదా. అప్పుడు గొడవెందుకొస్తుంది? ఈ మాట ఆ లాయరుకు రాయి. నేను రాయనా?

ఇంకో మాట. నీ అక్షరాలు నాకు తెలుసు. సంతోషంగా ఉంటే గీత దాటి ఎగురుతాయి. ఈ ఉత్తరంలో చీమల్లా బారుకట్టి నడిచాయి. "మిగతా సంగతులు బానే ఉన్నాయి" అన్న వాక్యం నా దగ్గర అబద్ధపు సాక్ష్యం చెప్పడానికి వచ్చేవాళ్ళు అంటుంటారు. నువ్వు చెప్పనిదేదో ఉంది. చెప్పు.

పెద్దమ్మ

---

హాస్టలు

పెద్దమ్మకు,

పట్టేశావు.

ఆ ఆటలో ఒకరు చనిపోతారు.

అది నర్సు వాళ్ళ అమ్మ కథ. కుర్చీలో కూర్చున్న ఒక పెద్దావిడ ఉంటుంది. కిటికీ అంచున మొక్కల కుండీలు. మనం వేలితో నొక్కితే ఆవిడ నీళ్ళు పోస్తుంది. ఎక్కువ పోస్తే మట్టి కారిపోతుంది, తక్కువైతే ఆకులు వాలిపోతాయి. తప్పు చేసినప్పుడల్లా నీ వాక్యమే వస్తుంది: "తొందరేం లేదు." ఆడుతూ పోతే ఒక ఉదయం ఆవిడ కుర్చీలో ఉండదు. అంతే. రక్తం లేదు, అరుపు లేదు.

నర్సు అన్నీ తయారు చేసుకున్నాక మన లైసెన్సు చదివింది. నాలుగో షరతు దగ్గర ఆగిపోయి నాకు రాసింది. లాయరు సంగతి ఆ తర్వాత వచ్చింది, ముందు వచ్చింది ఇదే. "మీ షరతు ఎందుకు పెట్టారో నాకు అర్థమవుతోంది. మా అమ్మ ఆటలో చనిపోవడం తప్పయితే ఆట ఆపేస్తాను. ఒక్కసారి అడిగి చూద్దామని రాస్తున్నాను." ఇవే ఆవిడ మాటలు. చదివి నేను తల ఎత్తలేకపోయాను. మీ అమ్మ చనిపోయిందని చెప్పుకోవడానికి మా అనుమతి తీసుకో అని రాసినట్టయింది కదా మనం. నీకు చెబితే బాధపడతావని దాచాను.

ఇంకొకటి కూడా దాచాను. మన పెట్టెతో ఇంకో ఆట ఉంది. ఒక్క వేలితో తుపాకీ పేల్చే ఆట. చూశాను. నిమిషానికి గుంపులు గుంపులుగా చస్తున్నారు. చేసినవాడు మనల్ని అడగలేదు. మన లైసెన్సు కాగితాన్ని పెట్టెలోంచి తీసి పారేశాడు. లోపల నా చేతి పని నేను గుర్తుపట్టకపోతానా?

నీ చిట్టెలుక

---

రిజిస్ట్రారు ఆఫీసు ఎదుటి గది

చిట్టెలుకకు,

తుపాకీవాడికి నోటీసు రాశాను, దీనితో పంపుతున్నాను. "ఈ నోటీసు అందిన వెంటనే సదరు ఆటలో చనిపోయిన వారినందరినీ" అని రాసేసరికి పెన్ను ఆగిపోయింది. ఏం చేయమని రాయాలి? బతికించమనా? నా ఇన్నేళ్ళ పనిలో ఇలాంటి వాక్యం ఎప్పుడూ ముగించలేదు. నువ్వే ముగించుకో.

నర్సమ్మకు మాత్రం కాదని రాయి. ఆవిడ మంచిదే కావచ్చు. ముగింపు మార్చుకోమను. పెద్దావిడ ఊరికి వెళ్ళిందని పెట్టుకోవచ్చు, పక్క గదిలో పడుకుందని పెట్టుకోవచ్చు.

నువ్వు అడగలేదు గానీ అడిగినట్టే ఉంది, ఎందుకింత పట్టుదల అని. చూసి తేల్చుకోవడానికి వీలైన షరతు కాబట్టి అని నీకు రాశాను. అది నిజమే, సగం నిజం.

నీ పడవ ఆట రాకముందు మీ పెదనాన్న వేరే ఆటలు ఆడేవాడు. వేలు సరిగ్గా పడేది కాదు, కాబట్టి ప్రతిసారీ ఓడిపోయేవాడు. ఓడినప్పుడల్లా తెర నిండా ఎర్ర అక్షరాలు: నువ్వు చచ్చిపోయావు. నేను పక్కనే కూర్చుని దుప్పటి సర్దుతూ ఉండేదాన్ని. మళ్ళీ మొదలుపెట్టేవాడు, మళ్ళీ ఎర్ర అక్షరాలు. ఆయన నవ్వేవాడు. "వీడు నన్ను పొద్దున్నించీ చంపుతూనే ఉన్నాడే, అసలువాడు మాత్రం రావట్లేదు" అనేవాడు. నేనూ నవ్వేదాన్ని. ఆయన నవ్వుతుంటే నేను నవ్వకపోతే ఎలా? నవ్వేసి, ఏదో పనున్నట్టు వంటింట్లోకి వెళ్ళి నీళ్ళ కుళాయి తిప్పి నిలబడేదాన్ని.

తర్వాత నీ పడవ వచ్చింది. పడవ మునిగితే తెర మీద ఏమీ ఉండేది కాదు, నువ్వింకా ఏమీ రాయలేదు. ఆయనే అన్నాడు, ఇక్కడ ఏదో ఒకటి రాయవే, నువ్వు లోకానికంతా రాసిపెడతావు కదా అని. అప్పుడు రాశాను ఆ వాక్యాలు. ఆయన పోయేదాకా అవే చదివాడు.

అందుకే. ఒక్క వేలు మిగిలినవాళ్ళ కోసం చేసిన పెట్టె అది. వాళ్ళలో ఏ ఒక్కరి పక్కనైనా ఎవరో ఒకరు దుప్పటి సర్దుతూ కూర్చుని ఉంటారు. వాళ్ళు ఆ మాట చదవకూడదు.

పెద్దమ్మ

---

హాస్టలు

పెద్దమ్మకు,

నీ ఉత్తరం చదివి కిందికి వెళ్ళి, ఆవరణ చుట్టూ తిరిగి వచ్చి, మళ్ళీ చదివాను. ఇది నాకు ముందే తెలిసి ఉంటే ఆ షరతుకు ఇంకా గట్టిగా అంటుకుపోయేదాన్ని. తెలియకపోవడమే మంచిదయిందేమో, ఇప్పుడు నీతో వాదించగలుగుతున్నాను. వాదించనా? పెద్దంతరం చిన్నంతరం లేదని అమ్మకు చెప్పకు.

తుపాకీవాడి నోటీసు ముగించలేకపోయాను. పంపినా వాడు చదవడు. లైసెన్సు చదవనివాడు నోటీసు చదువుతాడా? మనం షరతును కంచె అనుకున్నాం పెద్దమ్మా. దూకేవాడు దూకేశాడు. గేటు దగ్గర నిలబడి, లోపలికి రావచ్చా అని పిలిచినావిడను మాత్రం అది బయటే నిలబెట్టింది. మన నాలుగో షరతు ఇంతవరకూ లోకంలో ఆపింది ఒక్క ఆటను. అది ఆ నర్సు వాళ్ళ అమ్మ ఆట.

నువ్వు కాదని రాయమన్న మాట నర్సుకు ఇంకా రాయలేదు. నువ్వు మళ్ళీ అంటే రాస్తాను. నీ వాక్యాలు తీసేసి, నీ అనుమతి అక్కర్లేకుండా లైసెన్సు మార్చేయొచ్చని గడ్డం చెప్పాడు. అది నేను చేయను. నీ వాక్యాలు లేని పెట్టె నాకొద్దు. నువ్వు కాదంటే కాదనే ఉంటుంది, నర్సు వేరే దారి చూసుకుంటుంది, నేను నీ చిట్టెలుకగానే ఉంటాను.

ఆదివారం అమ్మ వస్తోంది. పెదనాన్న ట్యాబులో ఆ ఆట ఎక్కించి ఇస్తుంది. నర్సు ఒప్పుకుంది. ఆడి చూడు. ఆవిడ ఒక్క సహాయం అడిగింది. అన్నిచోట్లా మన వాక్యాలే వాడుకుంది, కుర్చీ ఖాళీ అయిన చోట పెట్టడానికి మాత్రం వాటిలో ఏదీ దొరకలేదట. ఖాళీగా వదిలేసింది.

పొట్టి లైసెన్సును నీ కోసం తెలుగులో రాసి పంపుతున్నాను. నిఘంటువు అరిగిపోయేలా వెతికి రాశాను. అందులో నాది ఒక్క మాట లేదు, నీది ఒక్క మాట లేదు. ముందు ఏడుపొచ్చింది. రాస్తూ రాస్తూ ఉంటే ఒకటి అనిపించింది. మనది చదివినవాళ్ళందరూ మన గురించి మాట్లాడారు. దీన్ని చూసినవాళ్ళు చదవను కూడా చదవకుండా పనిలోకి దిగిపోతారు. అడగాల్సిన పని లేకుండా ఇవ్వడమే ఇవ్వడమేమో.

నీ చిట్టెలుక

---

రిజిస్ట్రారు ఆఫీసు ఎదుటి గది

చిట్టెలుకకు,

ముందు కాగితం సంగతి చెబుతాను, అది నా వృత్తి.

తప్పులు పట్టాలనే కూర్చున్నాను. ఎర్ర పెన్ను కూడా తీశాను. "వాడుకొనుటకు, నకలు తీయుటకు, మార్చుటకు, కలుపుటకు, ప్రచురించుటకు, పంచుటకు, విక్రయించుటకు" అన్న చోటికి వచ్చేసరికి నవ్వొచ్చింది. దాన వినిమయ విక్రయాది సర్వహక్కులతో అని మేం రోజూ రాసేదే కదా ఇది. "ఉన్నది ఉన్నట్టుగా" అని ఉంది చూడు, పాత ఇల్లు అమ్మేటప్పుడు పైకప్పు కారితే నన్ను అడగొద్దని రాయించుకోని అమ్మకందారుణ్ణి నేను చూడలేదు. ఎవరు రాశారో గానీ మా వీధిలో గది తీసుకుని కూర్చుంటే నా పని పోయేది. ఇంకొకటి గమనించాను, నీకు తట్టిందో లేదో. హక్కు వదులుకోవడం లేదు వాళ్ళు. హక్కు తమ దగ్గరే ఉంచుకుని అనుమతి అందరికీ ఇస్తున్నారు. తెలివైన పని. ఎర్ర పెన్ను మూత పెట్టేశాను.

ఒక స్థలం దస్తావేజు ఇంకో స్థలానికి పనికిరాదని రాశాను కదా. నీ పెట్టె స్థలం కాదు. ఒకరు తీసుకుంటే ఇంకొకరికి తగ్గదు. దానికి హద్దులు రాయబోయాను నేను.

ఇక ఆట. మీ అమ్మ ఆదివారం ఎక్కించి ఇచ్చి, పక్కనే కూర్చుని చూస్తానంది. వద్దని పంపేశాను. ఆడటం రాక చాలా మొక్కలు చంపాను. ప్రతిసారీ "తొందరేం లేదు" అని నా మాట నాకే చెప్పింది. ఒళ్ళు మండింది. ఎవరిదీ సలహా అనిపించింది.

కొన్నాళ్ళు రోజూ ఆడాను. పొద్దున ఆఫీసుకు వచ్చే ముందు. ఆవిడ చేత నీళ్ళు పోయించడం అలవాటయింది నాకు. నిన్న పొద్దున కుర్చీలో లేదు. ఎర్ర అక్షరాలు వస్తాయేమోనని కాసేపు కళ్ళు మూసుకున్నాను. తెరిస్తే కుర్చీ, కిటికీ, ఎండ, కుండీలు. ఏమీ రాసి లేదు. ఏం చేయాలో తోచక, ఊరికే ఉండలేక, తెర మీద ఒకసారి నొక్కాను. నీళ్ళు పడ్డాయి. ఆవిడ లేకపోయినా పడ్డాయి. అలా పోయొచ్చని ఆటలో ఎక్కడా చెప్పలేదు ఆ అమ్మాయి. అన్ని కుండీలకూ పోసి, తాళం వేసి, ఆఫీసుకు వచ్చాను. దారిలో ఏడవలేదు. ఇక్కడికి వచ్చి, ఒకాయన దానపత్రం రాస్తూ, సగంలో ఏడ్చాను. ఆయన తన దానం చూసే ఏడుస్తున్నాననుకుని మంచినీళ్ళు తెచ్చి ఇచ్చాడు.

ఎర్ర అక్షరాలను ఆపాలనుకున్నాను నేను. వాటితోపాటు నిన్నటిలాంటి పొద్దును కూడా ఆపేశాను. ముగింపు మార్చుకోమన్నానని ఆ అమ్మాయికి చెప్పకు.

గోడ మీది కాగితం తీయలేదు. అది మనం రాసుకున్నది, అక్కడే ఉంటుంది. పెట్టెలోది మాత్రం తీసేయి. దీనికి కింద జతపరిచినది నీ గడ్డానికి చూపించు, చెల్లుతుందో లేదో చెప్పమను. చెల్లకపోతే ఎందుకు చెల్లదో నాకు రాయమను.

పెద్దమ్మ

సమ్మతి పత్రము

నా చెల్లెలి కుమార్తె చిట్టెలుకకు పెద్దమ్మ మనఃపూర్వకముగా రాసి ఇచ్చిన సమ్మతి పత్రము ఏమనగా:

నీవు తయారుచేసి తెరిచి ఉంచిన ఒంటివేలి ఆటల సామగ్రి యందు కనపడు వాక్యములు నా స్వార్జితములు. వాటిని ఇకమీదట పైన చర్చించిన పొట్టి లైసెన్సు ప్రకారము ఎవరైనను, ఎక్కడైనను, నన్ను గాని నిన్ను గాని అడుగు పని లేకుండా వాడుకొనవచ్చును. ఆటలో ఎవరు ఉన్నను, ఎవరు పోయినను, నాకు ఎట్టి అభ్యంతరము లేదు. మునుపు రాసుకొన్న నాలుగవ షరతు ఇందుతో రద్దు. ఇది నేను ఎవరి బలవంతము లేక, ఆట పూర్తిగా ఆడిన పిమ్మట, తెలివితో రాసి ఇచ్చినది.

షెడ్యూలు: సదరు సామగ్రిలో ఇదివరకే ఉన్న నా వాక్యములు అన్నియు. వీటికి అదనముగా, కుర్చీ ఖాళీ అయిన చోట పెట్టుకొనుటకు నర్సు గారి కొరకు, అటువంటి చోటు గల ఇతరుల కొరకు, ఈ రోజు కొత్తగా రాసి ఇస్తున్నది ఒకటి:

"ఇక్కడి దాకా కలిసే ఆడాం."